కైరోప్రాక్టర్ కావాలంటే ఎన్నేళ్ళు చదవాలి?

మన హాస్టల్లో ఇంటర్ బైపీసీ చదువుతున్న తమ్ముళ్ళు ఈ మధ్య మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఫోన్ వీడియోల్లో మెడ పట్టుకుని టక్కుమనిపించి నొప్పి తీసేస్తున్నారు కదా, ఆ కోర్సు ఎన్ని నెలలు?" అని. నెలలు కాదు తమ్ముళ్ళూ, ఏళ్ళు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆ వైద్యం పేరు కైరోప్రాక్టిక్. చేతితో చేసేది అని గ్రీకు భాషలో అర్థం. అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో 1895లో డి.డి. పామర్ అనే ఆయన దీన్ని ప్రారంభించి, రెండేళ్ళకు బడి కూడా పెట్టాడు. తొలి రోజుల్లో చదువు కొద్ది నెలలదే. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నారని చాలామందిని జైల్లో కూడా పెట్టారు. 1913లో కాన్సాస్ రాష్ట్రం మొదటగా లైసెన్సు చట్టం చేసింది. చివరిదైన లూసియానా 1974లో చేసింది. చట్టాలతోపాటు చదువూ పెరుగుతూ వచ్చింది.

నేడు అక్కడ ముందుగా సుమారు మూడేళ్ళ డిగ్రీ స్థాయి చదువు ఉండాలి. చాలామంది పూర్తి డిగ్రీ చేసే చేరతారు. తర్వాత డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ అనే కోర్సు. దీనికి కనీసం 4,200 గంటల బోధన ఉండాలని నిబంధన. మామూలుగా నాలుగేళ్ళు పడుతుంది. వేసవి సెలవులు లేకుండా నడిపే కాలేజీల్లో కొంచెం తగ్గుతుంది. ఆపైన జాతీయ బోర్డు పెట్టే నాలుగు భాగాల పరీక్ష, అందులో చివరిది చేసి చూపించేది. అన్నీ గట్టెక్కాక రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది. ఇంత చదివినా ఆపరేషన్ చేసే హక్కు లేదు, మందులు రాసే హక్కు కూడా సాధారణంగా ఉండదు.

వెన్ను నొక్కడానికి ఇంత చదువెందుకు అనిపించవచ్చు. నొక్కడం నేర్చుకోవడం అందులో ఒక భాగమే. ఆ టక్కుమనే శబ్దం ఎముక విరిగినదీ కాదు, జరిగినదీ కాదు. కీలు మధ్య ద్రవంలో వాయువు బుడగ ఏర్పడే చప్పుడు. అది వేళ్ళు విరుచుకున్నా వస్తుంది. అసలు కష్టమంతా ఎవరిని ముట్టుకోకూడదో తెలుసుకోవడంలో ఉంది. అందుకే శరీర నిర్మాణం, నాడీ పరీక్ష, రోగ నిర్ధారణ, ఎక్స్‌రే చదవడం, ఇవన్నీ అయ్యాకే గురువుల పర్యవేక్షణలో రోగిపై చేయి వేయనిస్తారు.

మన ఇళ్ళ సంగతే తీసుకుందాం. వంగి నాట్లు వేసే అమ్మకు, బస్తాలు మోసే నాన్నకు నడుము నొప్పి మామూలే. కానీ ఆ నొప్పి వెనుక వెన్నెముక క్షయ ఉండవచ్చు. మన దేశంలో అది అరుదు కాదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు తగ్గని నొప్పి ఉంటే అనుమానించాలి. మూత్రం బిగుసుకుపోయినా, కాళ్ళు పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అటువంటి నడుమును తెలియక తిప్పితే మనిషి మంచం పట్టవచ్చు. మెడను గట్టిగా తిప్పినప్పుడు రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సంఘటనలు కూడా, అరుదుగానైనా, ఉన్నాయి. మామూలు నడుము నొప్పికి ఈ పద్ధతి కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే వ్యాయామం వంటి ఇతర చికిత్సలకంటే అది గొప్పదేమీ కాదు.

మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. కాబట్టి నాలుగు ఆదివారాల్లో సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలు చూసి ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టకండి. అమెరికా వెళ్దామంటే ఫీజులే మొత్తం లక్ష డాలర్లు దాటుతాయి. తెలంగాణలోని అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పీజీ వంటి పై చదువులకు ఉద్దేశించినది. ఇటువంటి కోర్సుకు వర్తిస్తుందో లేదో సంక్షేమ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే కనుక, అడగడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో మాకు తెలుసు.

చేతులతో చేసే వైద్యంపై నిజంగా ఇష్టముంటే మనకు దగ్గరి దారి ఫిజియోథెరపీ. బైపీసీ చదివినవారు బీపీటీలో చేరవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లోనూ, తిరుపతి స్విమ్స్‌లోనూ ఈ కోర్సు ఉంది. చాలాకాలం ఇది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు. 2021 చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిషన్ ఐదేళ్ళ కొత్త పాఠ్యప్రణాళికను 2025లో ప్రకటించింది. ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి కనుక ఆ ఏటి నోటిఫికేషన్ పూర్తిగా చదవండి, ఎవరో చెప్పింది విని ఊరుకోకండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మాత్రం ఫలితాలు రాకముందే తీయించి పెట్టుకోండి. చివరి వారంలో ఆఫీసు ముందు లైను ఎలా ఉంటుందో స్కాలర్‌షిప్ రెన్యువల్ చేసుకున్న మీ అందరికీ తెలిసిందే.