వాసనకు ఎలుక బెదురుతుందా?

కెనడాలో చలి మొదలు కాగానే చిట్టెలుకలు వెచ్చదనం కోసం ఇళ్ళలో దూరుతాయి. వాటిని తరమడానికి కొందరు మూలల్లో కలరా ఉండలు వేస్తారు. పుదీనా నూనె చల్లుతారు. ఆ ఘాటు కొద్దిరోజులకే తగ్గిపోతుంది. ఆకలిగొన్న ఎలుక దానిని లెక్కచేయదు. పైగా కలరా ఉండల ఆవిరి మనకు హానికరం. మిఠాయి అనుకొని చంటిపిల్లలు మింగితే ప్రాణాపాయం.

మరి ఉపాయమేమి? పెన్సిలు పట్టేటంత కంత చాలు, చిట్టెలుక లోపలికి రాగలదు. అటువంటి కంతలను గిన్నెలు తోమే స్టీలు పీచుతో గట్టిగా పూడ్చాలి. బియ్యం, పప్పులు మూతగల డబ్బాలలో పోసుకోవాలి.

1950లో అల్బర్టా రాష్ట్రపు తూర్పు సరిహద్దులో పెద్ద ఎలుకలు కనిపించాయి. నాటినుండి రైతులు, ప్రభుత్వం కలిసి కొట్టాలనూ గాదెలనూ వెదకి, వాటిని అక్కడ స్థిరపడనీయలేదు. చూశారా పిల్లలూ! ఎలుకను ఆపేది వాసన కాదు, మన జాగ్రత్తే.

అభ్యాసం: మీ ఇంట్లో ఎలుక దూరగల కంతలెన్ని? పెద్దలతో కలిసి వెదకి వ్రాయండి.