రాజోలు నుంచి లిబరలైజేషన్ దాకా

కోనసీమలోని రాజోలు పేరు ఇంగ్లీషులో రాస్తే ఆరు అక్షరాలు: ఆర్, ఏ, జడ్, ఓ, ఎల్, ఈ. ఈ ఆరూ ఉన్న ఇంగ్లీషు మాట ఒకటి, వీలైనంత పొడుగుది చెప్పమంటే డిగ్రీ పిల్లలు కూడా జడ్ దగ్గరే ఆగిపోతారు. జీబ్రా, జీరో, జూ. ఆపైన దారి కనపడదు. మాటను మొదటి అక్షరంతో పట్టుకోవడమే మనకు అలవాటు. బట్టీ పట్టింది అలాగే, డిక్షనరీ తిరగేసేదీ అలాగే.

తోకతో పట్టుకోమనండి. 1991 ఆర్థిక సంస్కరణల పాఠం చదవని ఇంటర్ పిల్లలుండరు. లిబరలైజేషన్, ప్రైవేటైజేషన్, గ్లోబలైజేషన్ అని మూడూ ఒక్క గుక్కలో అప్పజెబుతారు. ఆ ‘ఐజేషన్’ తోకలోనే జడ్, ఏ, ఓ మూడూ ఉన్నాయి. ఇక వెతకాల్సినవి ఆర్, ఎల్, ఈ మాత్రమే. గ్లోబలైజేషన్‌లో ఆర్, ఈ లేవు. ప్రైవేటైజేషన్‌లో ఎల్, ఈ లేవు. లిబరలైజేషన్‌లో అన్నీ ఉన్నాయి! పద్నాలుగు అక్షరాల మాట. ఇంకా పొడుగుది కావాలంటే కమర్షియలైజేషన్ ఉంది, పదిహేడు. మన స్కూలు పుస్తకాల్లో ఈ మాటలకు జడ్ బదులు ఎస్ కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ జడ్‌కే మొగ్గు చూపుతుంది. ఇలాంటి తేడా ఒకసారి వెతుకులాటలో ఎదురైతే జన్మలో మరిచిపోం.

ఈ ఆటను నేను వ్యక్తిత్వ వికాసం కిందే లెక్కేస్తాను. కోనసీమ పిల్లల్లో తెలివికి లోటు లేదు. ఇంటర్వ్యూ గదిలో తెలియని ప్రశ్న ఎదురుకాగానే చాలామంది ‘నాకు రాదు’ అనేస్తారు. రాదనుకున్న దానికీ, తన దగ్గర ఉన్న దానికీ మధ్య దారి వేసుకోవడం ఎవరూ నేర్పలేదు. లిబరలైజేషన్ ఆ పిల్లలకు వచ్చిన మాటే. అందులో రాజోలు అక్షరాలున్నాయని అంతవరకు చూడలేదు, అంతే.

కొత్తపేట పేరు ఇంకా గట్టిది. కె, ఓ, టి, హెచ్, ఏ, పి, ఈ, టి, ఏ. టి రెండుసార్లు, ఏ రెండుసార్లు. దీనికి తోక ఎక్కడ దొరుకుతుంది? కోనసీమలో హోమియోపతి బోర్డు చూడని వాళ్లుండరు. ఆ ‘పతి’లో పి, ఏ, టి, హెచ్ నాలుగూ వచ్చేశాయి, వెనకాల వై తగులుకుంది. హోమియోపతిలో ఓ, ఈ కూడా ఉన్నాయి గానీ కె లేదు. కాబట్టి ముందు భాగం మార్చాలి. మిగిలినవి కె, ఓ, ఈ, ఇంకో టి, ఇంకో ఏ. బ్యూటీపార్లర్ బోర్డు మీద కెరటిన్ ట్రీట్‌మెంట్ అని ఉంటుంది, గుర్తుందా? అందులో కె, ఈ, ఆర్, ఏ, టి. మధ్యలో ఓ పెట్టి రెండూ అతికించండి: కెరటోపతి. కంటి డాక్టర్లు వాడే మాట, కార్నియాకు వచ్చే జబ్బు. పదకొండు అక్షరాల్లో కొత్తపేట తొమ్మిదీ ఉన్నాయి. పైన ఆర్, వై మాత్రం అదనం. డాక్టరు చీటీలో ఈ మాట కనపడితే ఇక పిల్లలు కంగారు పడరు, రెండు ముక్కలుగా విరిచి చదువుకుంటారు.

అక్షరానికి కట్టుబడి మాట వెతకడం మనకు కొత్త విద్య కాదు. అవధానంలో న్యస్తాక్షరి ఇదే. ఫలానా పాదంలో, ఫలానా చోట, ఫలానా అక్షరం పడాలని పృచ్ఛకుడు అడుగుతాడు. నిషిద్ధాక్షరిలో ఫలానాది పడకూడదని అడుగడుగునా అడ్డుపడతాడు. గౌతమి అవతలి ఒడ్డున కడియంలో 1870లో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో జంటకట్టి ఊరూరా శతావధానాలు చేసింది ఇలాంటి పట్టు మీదే. అడ్డంకి పెట్టినకొద్దీ బుద్ధి కొత్త దారులు తీస్తుందని మన పెద్దలకు బాగా తెలుసు.

ఇలాంటి పట్టు ఈనాటి పిల్లల్లోనూ ఉంది. అమెరికాలో తెలుగు పిల్లలు స్పెల్లింగ్ పోటీ అయిన స్పెల్లింగ్ బీలో గెలిచారని మన పేపర్లలో ఫొటోలు వస్తాయి. 2024లో నల్గొండ మూలాలున్న బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు. ఆ రోజు రెండో స్థానంలో నిలిచింది ఫైజాన్ జాకీ, హైదరాబాద్ మూలాలున్న కుర్రాడు. మరుసటి ఏడాది ఫైజాన్ మళ్లీ వచ్చాడు. ఒక దశలో తనతో పాటు పోటీలో మిగిలిన ఇద్దరూ తప్పారు, కప్పు చేతికందే దూరంలో ఉంది. అప్పుడు ‘కొమెలైనా’ అన్న మాట వచ్చింది. తడి నేలల్లో నీలిపూలు పూసే మొక్కల జాతి పేరది. అర్థం అడగలేదు, ఏ భాష నుంచి వచ్చిందో అడగలేదు, తొందరపడి మొదలుపెట్టి తప్పాడు. అవతలి ఇద్దరూ మళ్లీ పోటీలోకి వచ్చేశారు. ఆ దెబ్బకు కుంగిపోకుండా నిలబడి, చివరికి గెలిచాడు. తర్ఫీదు పొందిన పిల్లలు అర్థం, భాష అడిగేది టైము గడపడానికి కాదు. గ్రీకు మాటైతే ఒక రకం అక్షరాలు, ఫ్రెంచి మాటైతే ఇంకో రకం. అడిగితే సగం మాట చేతికొస్తుంది.

ఈ అక్షరాల ఆట ఇంట్లో ఆడటానికి కాగితం, పెన్సిలు చాలు. ఫోను పక్క గదిలో ఉండాలి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. అక్షరాలు టైపు చేస్తే మాటల జాబితా క్షణంలో వస్తుంది. ఆ క్షణంలో మనం పోగొట్టుకునేది జవాబు దొరకని ఆ పావుగంట. ఓపిక పెరిగేది ఆ పావుగంటలోనే. మాట దొరికాక డిక్షనరీలో సరిచూసుకోవాలి, లేని మాటైతే కొట్టేయాలి. అన్నాచెల్లెళ్లు కలిసి కూర్చుంటే మరీ మంచిది, ఒకరికి తోక తడితే ఇంకొకరికి తల తడుతుంది. దొరికిన పొడుగు మాటను నలుగురిలో వాడి గొప్ప చూపించుకోవాలన్న తాపత్రయం వద్దు. మాట్లాడేటప్పుడు చిన్న మాటే మంచిది.

అమలాపురంతో మొదలుపెట్టండి, ఒక్కో అక్షరం ఒక్కసారి వస్తే చాలనుకుంటే అది తేలిక. ప్లూరలిజం సరిపోతుంది, మానిప్యులేటర్ కూడా. తర్వాత ముమ్మిడివరం పట్టండి: ఇక్కడా ఎం, యు, ఐ, డి, వి, ఏ, ఆర్ ఒక్కోసారి వస్తే చాలు. ఇండివిడ్యువలిజం దాదాపు గట్టెక్కిస్తుంది గానీ అందులో ఆర్ లేదు. పన్నెండు అక్షరాల మాట ఒకటుంది. ఈసారి తోక కాదు, తల నుంచి వెతకండి, ఎం, ఐ, ఎస్‌తో మొదలవుతుంది.