వరద నీళ్లు ఎక్కడ నిలిచాయో ఉపగ్రహ చిత్రంలో చూసుకోవడం ఎట్లా?

ఫోన్లో ఎక్కడ నొక్కాలో వీడియోలో చూపించాను. చిత్రాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల వాన మనం మరిచిపోలేం. ఆకేరు పొంగింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆకేరు నీళ్లు మున్నేరులో, మున్నేరు కృష్ణలో కలుస్తాయి. మరునాటికి విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది.

రాడార్ ఎందుకు?

మామూలు ఉపగ్రహం మన కన్నులాంటిది, మబ్బు అడ్డమొస్తే కనపడదు. వరద వచ్చేదే మబ్బు పట్టిన రోజుల్లో. రాడార్ ఉపగ్రహం తానే తరంగం పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. మబ్బులోంచి, చీకట్లోనూ చూస్తుంది. నిలకడ నీళ్లు అద్దంలా తరంగాన్ని పక్కకు తోసేస్తాయి కాబట్టి చిత్రంలో నల్లగా కనిపిస్తాయి. ఐరోపా వాళ్ల సెంటినెల్-1, మన ఇస్రో 2022లో పంపిన ఈఓఎస్-04 ఇటువంటివే. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరద పటాలను భువన్ వెబ్‌సైట్‌లో పెడుతుంది.

చూసే పద్ధతి

1. కోపర్నికస్ బ్రౌజర్ తెరిచి మీ ఊరు వెతకండి. పైసా ఖర్చు లేదు.
2. సెంటినెల్-1 ఎంచుకుని వానకు ముందు తేదీ చిత్రం ఒకటి, తర్వాతది ఒకటి తీసుకోండి.
3. రెండూ పక్కపక్కన పెట్టండి. కొత్తగా నల్లబడిన చోటే వరద నీళ్లు నిలిచినట్టు.

చిత్రంలో ఒక చుక్క పది మీటర్లకు పది మీటర్లు, అంటే దాదాపు మన గుంట జాగ. కానీ రాడార్ చిత్రంలో ఉప్పు చల్లినట్టు మచ్చలుంటాయి, ఒక్క గుంట చూసి తీర్పు చెప్పొద్దు.

మోసపోయే చోట్లు

మొదట్లో నేను ఒక్క చిత్రమే చూసి ఊరంతా మునిగిందనుకున్నా. తీరా చూస్తే అవి నాటు కోసం దమ్ము చేసిన మడులు! మడి నీళ్లూ, చెరువు నీళ్లూ, వరద నీళ్లూ ఒకే నలుపు. అందుకే ముందు చిత్రం తప్పనిసరి. గాలికి అలలు లేస్తే నీళ్లు కూడా తెల్లగా కనిపిస్తాయి. ఎదిగిన వరి కింద నిలిచిన నీళ్లను ఈ రాడార్ సరిగా పట్టలేదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ పొడుగు తరంగం వాడుతుంది, పైరు లోపలికి ఇంకా బాగా చూడగలదు.

డెల్టా వేరు, మన వాగు వేరు

డెల్టా నేల చదును, నీళ్లు పోవడానికి రోజులు పడుతుంది. 2024లో విజయవాడలో బుడమేరు నీళ్లు అట్లాగే నిలిచాయి. మనకాడ వాగు రాత్రి పొంగి రెండు రోజుల్లో దిగిపోవచ్చు. ఒక సెంటినెల్-1 ఉపగ్రహం అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు. కాబట్టి చిత్రంలో నల్లగా లేదంటే పొలం మునగలేదని అర్థం కాదు. పంట నష్టం రాయించుకోవాలంటే అదే రోజు తేదీ, స్థలం పడేలా మీరు తీసిన ఫోటోనే గట్టి ఆధారం. మబ్బు తొలగినాక సెంటినెల్-2 రంగుల చిత్రంలో ఇసుక మేటలు తెల్లగా కనిపిస్తాయి. అదీ దాచుకోండి.

ప్రకృతి వ్యవసాయానికి ఏం పనికొస్తుంది?

నీళ్లు నిలిచిన నేలలో గాలి ఉండదు, సూక్ష్మజీవులకు ఊపిరాడదు. ఆ నీళ్లలో జీవామృతం పోస్తే దండగ. ముందు కాలువ తీసి నీళ్లు వదలండి. నేల వాపస స్థితికి వచ్చినాక ఎకరానికి 200 లీటర్లు పారించండి, తర్వాత అచ్ఛాదన మళ్లీ పరచండి. రెండు మూడేళ్ల చిత్రాలు చూస్తే ఏ మూల ఎప్పుడూ తడిగా ఉంటుందో తెలుస్తుంది. ఆ మూలన పప్పుదినుసులు వేయొద్దు, జీవామృతం డ్రమ్ములు, పశువుల కొట్టం పెట్టొద్దు. పక్క పొలం మందుల నీళ్లు మన మడిలోకి ఏ దిక్కు నుంచి వస్తాయో చూసుకుని అటు ఒడ్డు ఎత్తు చేయండి.

చిత్రం దారి చూపుతుంది, నిజం చెప్పేది కాలికంటిన బురదే. రెండూ కలిపి చూడండి. వీడియో చూసి, మీ ఊరి చిత్రంలో ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి.