నా ఇష్టం అంతే!

ఓ మాట చెప్పాలి, చాలా రోజులుగా మనసులో నలుగుతోంది.

మా అమ్మాయి పురిటికని ఫిలడెల్ఫియా వెళ్లి ఆర్నెల్లు ఉన్నాను కదా. మా పిన్ని కొడుకు ఉండేదీ ఆ ఊళ్లోనే. వాడు గే. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి వాడికి పదేళ్లు పట్టింది. పిన్ని ఏడ్చింది, బాబాయి ఏడాదిపాటు మాట్లాడలేదు. ఎలాగో సర్దుకున్నారు. హమ్మయ్య, అక్కడ వాడిలాంటివాళ్లు బోలెడుమంది, ఇక గట్టెక్కాడనుకున్నాను.

ఓ ఆదివారం పప్పుచారు కాచి, వడియాలు వేయించి పిలిచాను. తిన్నాక "ఎవరైనా నచ్చార్రా?" అని అడిగితే ఫోన్ నా చేతికిచ్చాడు. గే కుర్రాళ్ల పరిచయాల యాప్ అది. ఫొటో కింద తమ గురించి రాసుకుంటారు. కుక్కలంటే ఇష్టం, కొండలెక్కడం ఇష్టం... ఆ వరసలోనే "ఆసియావాళ్లు వద్దు, నల్లవాళ్లు వద్దు". చివర్లో "ఏమీ అనుకోవద్దు, నా ఇష్టం అంతే". నేను చదువుతుంటే వాడు విస్తట్లో మిగిలిన వడియం ముక్కను చిదుపుతూ కూర్చున్నాడు. "మనసులో ఉన్నది పదేళ్లు దాచానక్కా. ఈ ఒళ్లు ఎక్కడ దాచను?" అన్నాడు.

అలాంటి యాప్‌లలో గ్రైండర్ పెద్దది. జాతిని బట్టి మనుషుల్ని ఏరుకునే సదుపాయం దాంట్లో చాలాకాలం ఉండేది. తీసేస్తామని 2020 జూన్‌లో చెప్పారు.

ఫోన్లోనే కాదు, బయటా అంతే. ఫిలడెల్ఫియాలో గే బార్లుండే పేటని గేబర్‌హుడ్ అంటారు. 2016లో అక్కడి బార్ యజమాని ఒకాయన నల్లజాతి కస్టమర్లను నీచమైన మాటతో తిట్టిన వీడియో బయటపడింది. టింబర్‌ల్యాండ్ బూట్లు వేసుకొచ్చిన నల్ల కుర్రాళ్లను గుమ్మంలోనే ఆపేస్తున్నారని గొడవైంది. నగర మానవ సంబంధాల కమిషన్ విచారణ పెట్టి, బార్లవాళ్లు వివక్షపై శిక్షణ తీసుకోవాలంది. 2017 జూన్‌లో స్వలింగ ప్రేమికుల గుర్తయిన ఇంద్రధనుస్సు జెండాకు పైన నలుపు, గోధుమరంగు చారలు కలిపి సిటీ హాలు దగ్గర ఎగరేశారు. ఆ రెండు చారలకే ఎంత రభస! ఇంద్రధనుస్సులో అందరూ ఉన్నారుగా అన్నారు కొందరు తెల్లవాళ్లు. ఉంటే గుమ్మంలో ఎందుకు ఆపినట్టు?

ఈ వివక్ష ఈనాటిది కాదట. 1967లో న్యూయార్క్‌లో మగవాళ్లు ఆడవేషంలో పాల్గొన్న అందాల పోటీలో క్రిస్టల్ లబేజా అనే నల్లజాతి కళాకారిణికి కిరీటం దక్కలేదు. తెల్లవాళ్లకే కట్టబెట్టారని అక్కడే నిలదీసింది. 'ది క్వీన్' అనే డాక్యుమెంటరీలో ఆ కోపం చూసి నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత తనే హౌస్ ఆఫ్ లబేజా అనే, కుటుంబంలాంటి బృందాన్ని పెట్టింది. అలాంటి హౌస్‌లు ఇంకెన్నో వచ్చాయి. ఇంట్లోంచి గెంటేసిన పిల్లల్ని చేరదీసే పెద్దదిక్కును అక్కడ 'మదర్' అనే పిలుస్తారు. ఆ మాట దగ్గర నాకు కళ్లు చెమర్చాయి.

"నా ఇష్టం అంతే" అనే మాట నాకు కొత్త కాదమ్మా. నా పెళ్లిచూపులయ్యాక మధ్యవర్తి తెచ్చిన కబురూ అదే: "పిల్ల చామనచాయ, అబ్బాయికి తెల్లగా ఉంటే ఇష్టం." ఆ రాత్రి అమ్మ నా మొహానికి పెరుగు, శనగపిండి పట్టించింది. 2015లో ముంబయిలో ఓ తల్లి తన గే కొడుక్కి వరుడు కావాలని ధైర్యంగా ప్రకటన ఇచ్చింది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. అందులోనూ కులం పట్టింపు లేదంటూనే, అయ్యర్ అయితే మంచిదని ఉంది!

ఆ ఆదివారం మా తమ్ముణ్ణి కూడా "ఒరేయ్, నల్లవాళ్లెవరైనా పలకరిస్తే నువ్వు జవాబిస్తావా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఈమధ్యే ఇస్తున్నానక్కా" అన్నాడు. మనవాళ్లు కలిసేచోట ముందు ఇంటిపేరు ఆరా తీస్తారని కూడా చెప్పాడు.

నిజం ఒప్పుకున్నందుకు వాణ్ణి దగ్గరకు తీసుకున్నాను. ఇష్టాలు ఆకాశంలోంచి ఊడిపడవు. ఏ రంగు అందమో, ఏ కులం గొప్పో మన వంటిళ్లలోనే పిల్లల చెవిన పడుతుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి తమ్ముడో చెల్లెలో ఉండొచ్చు. దూరం పెట్టకండి. ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అన్నాక ఇంకో మాట కూడా అడగండి: "అక్కడ నిన్ను బాగా చూస్తున్నారా? నువ్వు అందర్నీ బాగా చూస్తున్నావా?"