కడగాలా? కడిగి తీరాలా?

“మామిడిపండు కడిగి తినాలి.” “పండ్ల వ్యాపారి చట్టాన్ని పాటించాలి.” రెండు వాక్యాల ముగింపూ ఒకటే. బలం కూడా ఒకటేనా? కాదు. మొదటిది మేలు కోరి చెప్పే సలహా. రెండవది తప్పనిసరి, మీరితే శిక్ష ఉంటుంది. తెలుగులో ఈ తేడాను సందర్భాన్ని బట్టి గ్రహిస్తాము. ఇంగ్లీషులో సహాయక క్రియే చెబుతుంది. సలహాకు ‘షుడ్’: యు షుడ్ వాష్ ద మ్యాంగో. తప్పనిసరికి ‘మస్ట్’: ట్రేడర్స్ మస్ట్ ఒబే ద లా.

“వద్దు” అనే చోట మరింత జాగ్రత్త కావాలి. నూజివీడు చిన్న రసాన్ని పిసికి జుర్రుకుంటాము, కత్తితో కోయనక్కరలేదు. ‘అక్కరలేదు’ అనడానికి ‘డోంట్ హ్యావ్ టు’ వాడాలి. నిషేధించే ‘కూడదు’కు మాత్రం ‘మస్ట్ నాట్’.

కాల్షియం కార్బైడుకు తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉండవచ్చు. అందుకే ఆ వాయువుతో మగ్గబెట్టిన పండ్ల అమ్మకాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. కాయలో సహజంగా పుట్టే ఎథిలీన్ వాయువును మాత్రం, పది లక్షల పాళ్లలో 100 పాళ్లు మించకుండా వాడవచ్చునని 2016లో అనుమతించారు.

ఇప్పుడు “కార్బైడు వాడకూడదు” అని ఇంగ్లీషులో బోర్డు రాయండి. ‘షుడ్ నాట్’ అంటే నిషేధం కాస్తా సలహాగా మారుతుంది. ‘డోంట్ హ్యావ్ టు’ అంటే “అవసరం లేదు, ఇష్టమైతే వాడుకో” అన్నట్లే! ‘మస్ట్ నాట్’ ఒక్కటే సరైనది.

మీరే చెప్పండి: “పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేదు.” ఇక్కడ ఏది వాడతారు?