అడగడం తెలిసినవాళ్లకే ఐటీ రిటర్నుల వృత్తి

జూన్ సగం దాటిందంటే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఆడిట్ ఆఫీసుల్లో ఊపిరి సలపదు. కంపెనీలు జూన్ 15లోగా ఉద్యోగులకు ఫారం 16 ఇస్తాయి. జీతగాళ్లు రిటర్ను వేయడానికి మామూలుగా జులై 31 గడువు. ఆ ఆరు వారాల్లో ఆడిటర్ గారి దగ్గర ఎంతమంది అసిస్టెంట్లున్నా చాలరు. అయినా మన కామర్స్ విద్యార్థులు ఈ పనిని ఒక వృత్తిగా చూడటం తక్కువ. బీకాం అయ్యాక బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, లేదంటే ఏదో ఒక బీపీఓ. రిటర్నుల పని అనగానే "పోర్టల్లో అన్నీ ముందే నింపి ఉంటున్నాయి కదా, ఇంక మనతో పనేముంది?" అంటారు.

న్యాయమైన ప్రశ్నే. జీతం, టీడీఎస్, బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు ఐటీ శాఖే నింపి ఇస్తోంది. 2021 నవంబరులో వచ్చిన వార్షిక సమాచార నివేదిక, అందరూ ఏఐఎస్ అనేది, షేర్లు, మ్యూచువల్ ఫండ్ల అమ్మకాల నుంచి విదేశాలకు పంపిన డబ్బు దాకా చూపిస్తుంది. కాబట్టి అంకెలు చూసి ఎక్కించే పనిని నమ్ముకుని ఎవరూ ఈ దారిలోకి రావద్దు. ఆ పని పోయింది, మళ్లీ రాదు. ఇప్పుడు గిరాకీ ఉన్నది వేరే పనికి. కాగితంలో లేనిది అడగాలి. ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో సరిచూడాలి. తేలిన లెక్కను ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. తప్పుడు పని అడిగితే కుదరదనాలి. ఇవి వచ్చినవాళ్లకు పనికి లోటుండదని నా గట్టి నమ్మకం.

రెండు ఫారం 16లు, రెండిట్లోనూ సున్నా

ఒక ఫైలు తీసుకుని చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే గానీ, ఇలాంటి ఫైలు ప్రతి సీజన్లో వస్తుంది. మాదాపూర్‌లో పనిచేసే ఒక కుర్రాడు. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక కంపెనీలో 6 లక్షలు తీసుకున్నాడు. అక్టోబరులో కంపెనీ మారి మార్చి దాకా 7.5 లక్షలు తీసుకున్నాడు. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వలేదు. ఇప్పుడు రెండు ఫారం 16లు పట్టుకొచ్చాడు. రెండిట్లోనూ కోసిన పన్ను సున్నా.

కొత్త పన్ను విధానంలో జీతం నుంచి స్టాండర్డ్ డిడక్షన్ కింద 75,000 రూపాయలు తీసేస్తారు. మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే 87ఎ రిబేటు వల్ల పన్ను పూర్తిగా పోతుంది. మొదటి కంపెనీ ఏడాది జీతం 12 లక్షలు అనుకుని 75,000 తీసేసి, 11.25 లక్షలే కాబట్టి పన్ను లేదంది. రెండో కంపెనీ తానిచ్చిన 7.5 లక్షలే చూసి తనూ 75,000 తీసేసి, పన్ను లేదంది. ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది.

రెండూ కలిపితే 13.5 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ ఏడాదికి ఒక్కసారే. మిగిలింది 12.75 లక్షలు. 12 లక్షలు దాటింది గనక రిబేటు పోయింది. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం చొప్పున 20,000, 8 నుంచి 12 దాకా 10 శాతం చొప్పున 40,000, పైనున్న 75,000 మీద 15 శాతం అంటే 11,250. మొత్తం 71,250. ఇక్కడ చేయి తిరిగినవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆదాయం 12 లక్షలకు కాస్త పైన ఉన్నవాళ్లకు మార్జినల్ రిలీఫ్ ఉంది. 12 లక్షలకు మించిన సొమ్ముకంటే పన్ను ఎక్కువ కాకూడదు. ఇక్కడ మించినది 75,000, పన్ను 71,250. కాబట్టి ఆ ఊరట కూడా అందదు. 4 శాతం సెస్సు 2,850 కలిపితే 74,100 రూపాయలు. ముందస్తు పన్ను కట్టలేదు గనక దాని మీద వడ్డీ అదనం.

"రెండు కంపెనీలూ పన్ను లేదన్నాయి కదండీ, మీరెక్కణ్నుంచి తెచ్చారు ఇంత?" అంటాడు ఆ కుర్రాడు. కోపంగానే అంటాడు. అప్పుడు సెక్షన్ నంబర్లు ఏకరువు పెడితే ఇంకో ఆఫీసుకు వెళ్లిపోతాడు. తెల్లకాగితం మీద రెండు జీతాలూ కింద కింద రాసి, కూడి, "మీకు ఏడాదికి ఒక్కసారి రావాల్సిన మినహాయింపు ఇద్దరూ చెరోసారి ఇచ్చారండీ. వచ్చేసారి కంపెనీ మారితే పాత జీతం వివరాలు కొత్తవాళ్లకు మొదటి నెలలోనే ఇవ్వండి, నెలనెలా కొంచెం కొంచెం పోతుంది" అని చెప్పగలిగితే ఆ మనిషి మరుసటి ఏడాది తన స్నేహితుణ్ని కూడా వెంటబెట్టుకొస్తాడు.

ఫైలు అక్కడితో అయిపోదు. ఉద్యోగం మారాడంటే పీఎఫ్ తీశాడేమో అడగాలి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే మామూలుగా దాని మీద పన్ను పడుతుంది. షేర్లు అమ్మాడా అని అడగాలి. జీతం 12 లక్షల లోపున్నా, ప్రత్యేక రేటు పడే షేర్ల లాభానికి ఆ రిబేటు వర్తించదు. ఎఫ్ అండ్ ఓ చేశాడా? అది వ్యాపార ఆదాయం, సహజ్ అనే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి. చేసేది అమెరికా కంపెనీలో అయితే మాతృసంస్థ షేర్లు ఏమైనా ఇచ్చిందా? "ఇంకా అమ్మలేదు కదా సార్, చూపించడమెందుకు?" అనే జవాబు హైదరాబాద్ ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. అమ్మకపోయినా విదేశీ ఆస్తుల షెడ్యూల్లో చూపించి తీరాలి. అదీ ఆర్థిక సంవత్సరం లెక్కన కాకుండా డిసెంబరు 31తో ముగిసే ఏడాది లెక్కన. ఊళ్లో పొలం మీద కౌలు వస్తోందా అని కూడా అడగండి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గానీ, అది 5,000 రూపాయలు దాటితే మిగతా ఆదాయానికి రేటు తేల్చేటప్పుడు కలిపి చూస్తారు.

ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ రెండు ఫారం 16లలో దొరకదు. ఏఐఎస్‌లోనూ అన్నీ దొరకవు. ఈ వృత్తిలో తర్ఫీదు అంటే ఈ ప్రశ్నలు నోటికి రావడమే.

కుదరదు అనాల్సిన చోట

2025 జులై 14న ఐటీ శాఖ దేశవ్యాప్తంగా దాదాపు 150 చోట్ల తనిఖీలు చేసింది. లక్ష్యం రిటర్నులు వేసిపెట్టే ఏజెంట్లే. కట్టని అద్దెకు హెచ్‌ఆర్‌ఏ, ఇవ్వని పార్టీ విరాళాలు, లేని చదువు రుణానికి వడ్డీ, ఇలాంటివి చూపించి రీఫండ్ తెప్పించడం, అందులో వాటా తీసుకోవడం వీళ్ల పద్ధతి. కొందరు తాత్కాలికంగా సృష్టించిన ఈమెయిల్ చిరునామాలతో గంపగుత్తగా రిటర్నులు వేసి, ఆ తర్వాత వాటిని వదిలేశారు. నోటీసులు వచ్చినా చదివే నాథుడు లేడు. ఆ తనిఖీలకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖే ప్రకటించింది.

ఇక్కడ నలిగిపోయేది నెల జీతం మీద బతికే మనిషి. ఏజెంటు తన వాటా తీసుకుని వెళ్లిపోతాడు. ఆదాయాన్ని తప్పుగా చూపించినందుకు పన్నుకు 200 శాతం దాకా పడే జరిమానా కట్టుకోవాల్సింది రిటర్ను ఎవరి పేరు మీద ఉందో వాళ్లు. తప్పుడు రిటర్ను వేయించినవాళ్లను జైలుకు పంపే నిబంధన కూడా చట్టంలో ఉంది. కొత్తగా చేరిన అసిస్టెంటుకు ఇది దూరపు సంగతి కాదు, కీబోర్డు మీద ఉన్నవి అతని వేళ్లే. మీరు చేరిన ఆఫీసులో రసీదు లేకుండా డిడక్షన్లు వేయమంటే, క్లయింటు మొబైలు, ఈమెయిలు బదులు ఆఫీసువి పెట్టమంటే, ఆ వారమే మానేయండి. అక్కడ నేర్చుకున్న పని ఇంకెక్కడా అక్కరకు రాదు.

చదువు ఏది, అర్హత ఏది

అన్నిటికంటే పెద్ద తలుపు సీఏ. ఇంటర్ తర్వాత ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం మార్కులుంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. 2023 నుంచి ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. సీఏ పూర్తికాక మధ్యలో ఆగిపోయినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో చాలామంది కనిపిస్తారు. ఆ చదువు వృథా అనుకోవద్దు. ఇంటర్మీడియట్ పాసై ఆర్టికల్‌షిప్ చేసినవాళ్లకు రిటర్నుల పనిలో మంచి విలువ ఉంది.

సీఏ కాకుండానూ దారులున్నాయి. కామర్స్ లేదా లా డిగ్రీ ఉన్నవాళ్లు ఆదాయపు పన్ను ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకోవచ్చు. జీఎస్టీ ప్రాక్టీషనర్ పరీక్ష రాస్తే చిన్న వ్యాపారుల పని కూడా కలిసొస్తుంది. చిన్న పట్టణంలో సొంతంగా నిలదొక్కుకోవాలనుకునేవాళ్లకు ఈ రెండూ కలిపి చేయడమే మంచిదని నా సలహా. రిటర్నుల సీజన్ ఏడాదిలో కొన్ని నెలలే, జీఎస్టీ పని ఏడాది పొడవునా ఉంటుంది.

కొత్తగా వచ్చేవాళ్లకు కలిసొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మదింపు సంవత్సరం అనే మాట పోయి పన్ను సంవత్సరం వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. అంతకుముందు ఆదాయానికి మాత్రం పాత చట్టమే. అంటే కొన్నేళ్లపాటు రెండు చట్టాలూ తెలిసినవాళ్లు కావాలి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఆడిటర్ గారు కూడా కొత్త నంబర్లు మళ్లీ నేర్చుకోవాల్సిందే.

అమెరికా రిటర్నులు, హైదరాబాద్ డెస్కులు

పెద్ద సంస్థల హైదరాబాద్ కార్యాలయాల్లో అమెరికా పన్ను రిటర్నుల పని పెద్ద ఎత్తున జరుగుతుంది. దీనికి పనికొచ్చే అర్హత ఎన్‌రోల్డ్ ఏజెంట్. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే గుర్తింపు ఇది. 1884 నుంచి ఉంది. పరీక్షలో మూడు భాగాలు: వ్యక్తుల పన్ను, వ్యాపారాల పన్ను, శాఖ ముందు క్లయింటు తరఫున నిలబడే పద్ధతులు. ఫలానా డిగ్రీ ఉండాలనే నిబంధన లేదు. పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు.

అక్కడి వ్యక్తిగత రిటర్ను పేరు ఫారం 1040, గడువు ఏప్రిల్ 15, అడిగితే అక్టోబరు 15 దాకా పొడిగింపు. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక మేలు ఉంది. అమెరికాలో ఉన్న మన కుటుంబాలకు ఊళ్లో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లుంటాయి. ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు గనక అక్కడా చూపించక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అక్కడ పన్ను రెసిడెంటు అయితే దాని మీద పన్ను ఉంది. అమెరికా బయటి ఖాతాల్లో మొత్తం కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక కూడా ఇవ్వాలి. ఎన్‌ఆర్‌ఈ ఖాతా అంటే ఏమిటో తెలిసి, 1040 కూడా తెలిసిన మనిషికి ఈ ఫైళ్లలో విలువ ఎక్కువ. ఇంకో మాట, రిటర్ను సమాచారం అమెరికా దాటి ఇక్కడికి రావాలంటే క్లయింటు రాతపూర్వక సమ్మతి ఉండాలని అక్కడి చట్టం చెబుతుంది. చేరబోయే సంస్థలో ఆ పద్ధతి ఉందో లేదో ఇంటర్వ్యూలోనే అడగండి.

ఇంటర్వ్యూకు ముందు

ఎక్సెల్ బాగా రావాలి. పదిమంది చదివి అర్థం చేసుకునేలా ఇంగ్లిష్‌లో మెయిల్ రాయడం రావాలి. ఫీజు కట్టి చేరే కోర్సుకంటే ముందు, ఐటీ శాఖ ప్రతి ఫారంతోపాటు ఉచితంగా ఇచ్చే సూచనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదవండి. చాలామంది తెరవని పుస్తకం అది. పోర్టల్లో దొరికే ఆఫ్‌లైన్ యుటిలిటీలో పైన చెప్పిన కుర్రాడి ఫైలు నింపి చూడండి, సమర్పించే పనిలేదు. లెక్క 74,100 దగ్గర ఆగుతుందో లేదో సరిచూసుకోండి. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే వేసిన తేదీ లెక్కలోకి రాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, ఇంటర్వ్యూల్లో అడగదగ్గ ప్రశ్న.

తర్వాత మీ ఇంట్లో జీతం తెచ్చుకునేవాళ్లను అడిగి, వాళ్ల అనుమతితో వాళ్ల ఏఐఎస్ దించుకుని ఫారం 16 పక్కన పెట్టుకుని వరస వరసా పోల్చండి. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనివి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మే నెలలోనే మీ ఊళ్లో ఆడిట్ ఆఫీసుల చుట్టూ తిరిగి సీజన్ పని అడగండి. జులైలో వెళితే మీకు నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. జీతం ఎక్కడైనా మొదట్లో తక్కువే ఇస్తారు. అందుకని జీతం చూసి కాకుండా, "ఈ ఫైలు ఇలా ఎందుకు వేశారండీ?" అని అడిగితే విసుక్కోకుండా చెప్పే ఆడిటర్ గారి దగ్గర చేరండి.