ప్లాను గీయించే ముందు

గాజువాక

అమ్మలూ,

పెదగంట్యాడ దగ్గర 200 గజాల స్థలం రిజిస్ట్రేషన్ అయిపోయిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన బెంగళూరు ఇంటి ఫొటో కూడా చూశాను. ముందువైపు గోడంతా అద్దమే, కిటికీల మీద సజ్జ అన్నది లేదు. చూడ్డానికి బావుంది. కానీ మనది సముద్రం ఒడ్డు ఊరు. ఇక్కడ ఉప్పుగాలి ఉంది, తుపాను ఉంది, కొండ మీంచి దిగే వాన ఉంది. వీటికి తోడు మీ ఇంట్లో అల్లుడి నైట్ షిఫ్టు ఉంది. ఆ ఫొటో తీసుకెళ్లి ఇంజినీరు చేతిలో పెట్టకముందే ఈ ఉత్తరం చదువు.

మొదట నీళ్ల సంగతి. గట్టి వాన పడుతున్నప్పుడే గొడుగేసుకుని వెళ్లి స్థలంలో నిలబడు. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎటు పోతున్నాయి చూసుకో. మన ఊళ్లో వాన నీళ్లు పోయే గెడ్డల మీద ఇళ్లొచ్చాయి, రోడ్లొచ్చాయి. గెడ్డ పూడ్చినంత మాత్రాన కొండ మీద కురిసిన వాన కిందికి రాక మానదు. చుట్టుపక్కల పాత గోడల మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూసి, నీ బేస్‌మెంటు దానికి పైన ఉండేలా చెప్పు. మట్టి పరీక్ష తప్పనిసరిగా చేయించు. పల్లపు చోట్ల అడుగున మెత్తటి సముద్రపు బంకమట్టి తగులుతుంది, కొండవైపు ఎర్రమట్టి, దాని కింద పుచ్చిన ఖోండలైటు రాయి. పక్కవాళ్ల పునాది ఎంత లోతో అడిగి అంతే తవ్వించడం మన దగ్గర అలవాటు. ఆ లెక్క నీ స్థలానికి సరిపోతుందన్న నమ్మకం లేదు.

ఇక గాలి. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలి నైరుతి నుంచే వీస్తుంది. అక్టోబరు దాటాక ఈశాన్యానికి తిరుగుతుంది. మీది తూర్పు రోడ్డు స్థలం. మీ అత్తగారు వాస్తు చూపించకుండా ఒప్పుకోరని నాకు తెలుసు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. సిద్ధాంతిగారు పెద్ద పడగ్గది నైరుతిలో, వంటిల్లు ఆగ్నేయంలో అంటారు. మంచిదే. ఆ నైరుతి గదికి దక్షిణపు గోడలో పెద్ద కిటికీ పెట్టించు. వచ్చిన గాలి ఉత్తరం వైపు నుంచి బయటికి పోయేలా తలుపులూ కిటికీలూ ఎదురెదురుగా పడాలి. వాస్తు ప్రకారం నైరుతి మూల బరువుగా ఉండాలని గోడంతా మూసేస్తే ఏసీ బిల్లు కట్టేది మీరే. పడమటి గోడకి మాత్రం పెద్ద కిటికీ వద్దు. బాత్‌రూమూ బీరువాలూ అటు పెడితే సాయంకాలపు ఎండని అవే అడ్డుకుంటాయి.

అల్లుడి నిద్రకి కూడా ఆ గదే మేలు. నైట్ షిఫ్టు దిగి పడుకునేది పొద్దుటిపూట కదా, అప్పటికి పడమటి గోడ చల్లగానే ఉంటుంది. రోడ్డుకి దూరం, కాలింగ్ బెల్లు వినబడదు. గాలి నైరుతి నుంచి వస్తుంది కాబట్టి ఆగ్నేయంలో పోపు ఘాటు ఆ గదికి చేరదు. టీవీ గోడ మాత్రం ఆ గదికి ఆనుకోకుండా చూసుకో.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొట్టింది. స్లైడింగ్ కిటికీల పట్టాల్లోంచి నీళ్లు గదుల్లోకి వచ్చేశాయి. మేడ మీద రేకుల షెడ్లు వీధిలో పడ్డాయి. గాలి ఒత్తిడి లెక్కకట్టే ఐ.ఎస్. 875 ప్రమాణంలో విశాఖకి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు తీసుకోమని ఉంది. మన ఉత్తరాంధ్ర తీరంలో పాతకాలపు చుట్టిళ్లు గుర్తున్నాయా? గుండ్రటి గోడ, నేలకి దగ్గరగా దిగిన చూరు. గాలి పట్టుకోడానికి మూల దొరకదు. నిన్ను గుండ్రటి ఇల్లు కట్టుకోమనను. కానీ రెక్కలు గట్టిగా మూసుకునే కిటికీలు, బిగించి కట్టిన వాటర్ ట్యాంకు, నేల మీద ఒక సంపు ఉండాలి. హుద్‌హుద్ అప్పుడు కరెంటు రోజుల తరబడి రాలేదు. చేదతో తోడుకోడానికి సంపు మూత వీలుగా ఉంటే నీళ్లకి వెతుక్కోనక్కర్లేదు.

ఉప్పుగాలి నెమ్మదిగా తింటుంది. మన స్టీల్ ప్లాంటు ఊచ వాడితే తుప్పు పట్టదని చాలామంది ధీమా. ఊచ ఎవరిదైనా దాన్ని కాపాడేది పైనున్న కాంక్రీటే. సముద్రతీరపు వాతావరణంలో బయటికి ఉండే కాంక్రీటుకి ఐ.ఎస్. 456 ప్రకారం ఊచ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, అంటే కవర్, 45 మిల్లీమీటర్లు, గ్రేడు కనీసం ఎం 30. మీ స్థలానికి ఏది వర్తిస్తుందో స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రాయించుకో. స్లాబు పోసే రోజు పొద్దున్నే సెంట్రింగ్ ఎక్కి, వంగి, ఊచకీ కింది పలకకీ మధ్య సందు చూడు. కంకర ముక్కలు కాదు, కవర్ బ్లాకులు ఉండాలి. కూలీలు తొక్కితే ఊచ కుంగుతుంది కాబట్టి పోసేటప్పుడు మళ్లీ చూడు. స్లాగు సిమెంటు ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. బ్లాస్ట్ ఫర్నేసు స్లాగుతో చేసేది అదే. అది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి 14 రోజులు నీళ్లు కొట్టించాల్సిందే.

స్థలం సంగతి ఇంత. ఇప్పుడు మీ సంగతి. ముగ్గురూ విడివిడిగా కాగితం మీద రాయండి: పొద్దున లేచింది మొదలు ఎక్కడ కూర్చుంటారు, బట్టలు ఎక్కడ ఆరేస్తారు, దేనికి చిరాకు పడతారు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ గది కిందే ఉండాలి, బాత్‌రూమ్‌కి గడప ఉండకూడదు. ఆవిడ ఆ మాట నోరు తెరిచి అడగరు, నువ్వే రాయాలి. సింహాచలం చందనోత్సవానికి ఇంటినిండా చుట్టాలు దిగుతారని గెస్ట్ రూమ్ అంటున్నావట. ఆ ఒక్క రాత్రికి గది ఎందుకు? హాలు పక్కన వెడల్పాటి వరండా వేస్తే పదిమంది పడుకుంటారు, మిగతా ఏడాదంతా మీరు కూర్చుంటారు.

కాగితం మీద గోడ జరపడానికి రబ్బరు చాలు. స్లాబు పడ్డాక జరపాలంటే గునపం కావాలి. అందుకని జీవీఎంసీకి ప్లాను పెట్టకముందే ఒకసారి స్థలంలో ముగ్గు పోసి గదులన్నీ గీద్దాం. టేపు నేను తెస్తాను. మీ అత్తగారికి ఒక కుర్చీ తీసుకురా. ఆవిడ గది గీతల్లో కుర్చీ వేసి, మంచం ఎటు, కిటికీ ఎటు అని ఆవిణ్ణే అడుగుదాం. అల్లుడికి నైట్ షిఫ్టు లేని రోజు చూసి కబురు చెయ్యి.

ఇట్లు
మీ మావయ్య